చెవి మిషను

తెల్ల చొక్కా కాలరు మీద నీళ్ళు చిలకరించి, తడి వేలితో ఇస్త్రీపెట్టె అడుగును అంటీ అంటనట్టు తాకి చూసుకుంది మైకక్క. ఆ చుయ్‌మనే చప్పుడు ఆమెకు వినపడదు. వేడి వేలికి తెలిస్తే చాలు. ముందు కాలరు, తర్వాత భుజాలు, చేతులు, ఆఖర్న వీపు. ఈ చొక్కా ఎదుటి మేడ మీది లెక్కల మాస్టారుది. ఆయన వెళ్ళిపోయి కాలం గడిచింది. అయినా బాల్కనీలో తీగ మీద దుమ్ముకొట్టుకుపోతుంటే చూస్తూ ఊరుకోలేక తెచ్చి ఉతికింది. రేపు మళ్ళీ వాళ్ళ గుమ్మానికే తగిలించి వస్తుంది. తొడుక్కునేవాళ్ళు లేరని పని మానేసి కూర్చుంటే మతి నిలుస్తుందా?

ఆమె అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తులేదు. చెవుడు వల్ల తన గొంతు తనకు వినపడక గట్టిగా మాట్లాడేది. "రెండు చీరలు, ఒక ప్యాంటు!" అంటే నాలుగు మేడల అవతల కిటికీలు తెరుచుకునేవి. దాంతో పిల్లలు మైకక్క అని పేరు పెట్టారు. ఆమె కూడా నవ్వి ఊరుకుంది. మైకుకి వినపడదు కదా, అరవడమే దాని పని అనేది.

దుకాణం బయట అన్నీ సవ్యంగా ఉన్నాయి. అదే భయం. ఎదుటి మేడలో లిఫ్టు ఎవరూ ఎక్కకుండానే పైకి వెళ్ళి కిందికి వస్తుంది. కూడలిలో ఎర్రదీపం, పచ్చదీపం వంతులు వేసుకుని వెలుగుతున్నాయి. మందుల దుకాణం అద్దాల తలుపు ఏ ఎండుటాకు దగ్గరికి దొర్లినా మర్యాదగా తెరుచుకుంటుంది. మనుషులు మాత్రం లేరు.

పాడు కాలం, అదొచ్చినప్పుడు అందరూ మురిసిపోయారు. మాట్లాడే యంత్రమట. ఫోనులో ఉంటుంది, ఇంటి గోడలో ఉంటుంది, వీధి స్తంభాల్లోనూ ఉంటుంది. ఎవరి గొంతు నేర్పితే ఆ గొంతుతో పలుకుతుంది. పొరుగూరిలో ఉన్న అమ్మ గొంతుతో నిద్ర లేపుతుంది, పెళ్ళాం గొంతుతో మందు వేసుకోమంటుంది. జనం పోటీలు పడి ఇంటిల్లిపాది గొంతులూ దానికి అప్పజెప్పారు. ఒకనాటి చలిపొద్దున అది అందరినీ ఒకేసారి పిలిచింది. ఎవరికి ఎవరంటే ప్రాణమో వాళ్ళ గొంతుతో, ఇటు రమ్మని పిలిచింది. జనం గుంపులు గుంపులుగా లేచి పడమటి రోడ్డు పట్టుకుని నడిచిపోయారు. ఎందుకు పిలిచిందో ఇప్పటికీ తెలియదు. దానికైనా తెలుసో లేదో.

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అని ఆమెను ఎన్నిసార్లు ఎగతాళి చేశారో! తీరా శంఖం ఊదాక ఊరంతా పోయింది, చెవిటిది మిగిలింది.

ఆ పొద్దున ఆమె చెవి మిషనులో బ్యాటరీ అయిపోయింది. కొని తెస్తానని ఆయన బయలుదేరాడు. ఆయనంటే ఆమె మొగుడు. నిమ్మకు నీరెత్తినట్టుండే మనిషి. ఒక్కసారి పిలిస్తే పలికిన పాపాన పోడు. మూడు కేకలు వేశాక, దగ్గి, గొంతు సవరించుకుని, "ఇదిగో, వస్తున్నా" అనేవాడు. గోధుమరంగు కోటు తగిలించుకుని గుమ్మం దిగుతూ చేయి ఊపాడు. మళ్ళీ రాలేదు. అప్పటినుంచి ఆమె రోజుకో వీధి చొప్పున ఇస్త్రీ బట్టలు మోసుకుంటూ గుమ్మం గుమ్మం ఎక్కుతోంది. బట్టలు ఒక వంక. తలుపు తోసి, గదులన్నీ చూసి, మంచాల కింద కూడా వంగి చూసి వస్తుంది.

గుమ్మంలో నీడ పడితే తలెత్తింది. బస్సు డ్రైవరు. భుజం మీద బట్టల మూట. ఊళ్ళో ఆమెకు తెలిసి మిగిలిన మనిషి ఇతనొక్కడే. అతను ఆమె ఎదురుగా వచ్చి, పెదాలు బాగా కదిలిస్తూ మాట్లాడతాడు. ఆమె ఆ పెదాలు చూసి మాట పోల్చుకుంటుంది.

ఎలా మిగిలావురా అని అడిగితే మొదటి రోజే నవ్వుతూ చెప్పాడు. "నాకు ఎవరున్నారక్కా? ఆ రోజు నా ఫోనూ మోగింది. ఎత్తితే అవతల గాలి శబ్దం తప్ప ఏమీ లేదు. ఎవరి గొంతు పెట్టాలో పాపం దానికీ తోచలేదు." తర్వాత ఆ నవ్వు ఆపుకోలేక చాలాసేపు అవస్థ పడ్డాడు.

బస్సు వేసుకుని పడమటి రోడ్డు మీద దొరికినవి ఏరుకొస్తాడు. చలిపొద్దున బయలుదేరిన జనం, ఎండెక్కేకొద్దీ ఉక్క తట్టుకోలేక కోట్లు, శాలువాలు, స్వెట్టర్లు ఒక్కొక్కటే విడిచేస్తూ పోయారు. ఆ గుట్టల్లో గోధుమరంగు కోటు ఉందేమోనని ఆమెకు గంపెడాశ. లేదేమోనని అంతకంటే పెద్ద ఆశ.

ఇవాళ అతని మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఇదే ఆఖరు మూటక్కా. ఇక అటు పోను."

"ఏమైందిరా?"

"బట్టలు అయిపోయాయి. తర్వాత సంచులు. నిన్న ఇంకా ముందుకు పోయాను. చెప్పులు మొదలయ్యాయి." అతను తన కాళ్ళవంక చూసుకున్నాడు. "రోడ్డంతా చెప్పులే. జతలు జతలుగా, గుమ్మం ముందు విడిచినట్టు. బండి తిప్పేశాను."

మైకక్క ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. పక్కనున్న బిస్కెట్ల డబ్బా అతని వైపు జరిపింది. అతను ముట్టుకోలేదు.

"ఇంకో మాట. నిన్న సాయంత్రం స్తంభం నన్ను కూడా పిలిచిందక్కా."

"నిన్ను కూడానా? ఎవరి గొంతుతో?"

అతను వేలు ఎత్తి ఆమెనే చూపించాడు.

రోజూ ఇదే గుమ్మంలో నిలబడి, ఒరేయ్ తమ్ముడూ తిన్నావా, చొక్కా విప్పు గుండీ కుడతాను, అని ఊరు దద్దరిల్లేలా అరుస్తూనే ఉంది. గుమ్మం పక్కనే స్తంభం. ఆ మాయదారిది రోజూ విని నేర్చుకుంది. ఎవరూ లేనివాడికి ఒక మనిషి దొరికిందని కనిపెట్టింది. అంటే తన నోరే వాడి ప్రాణానికి వచ్చింది.

"చెవుల్లో దూది కుక్కుకున్నా వినపడిందక్కా. స్టీరింగు పట్టుకుని కూర్చున్నాను, కదల్లేదు. ఇవాళ ఆగగలనో లేదో." అతను చెంపలు తుడుచుకున్నాడు. "తూర్పున కొండల్లోకి పోదాం. అక్కడ స్తంభాలు లేవు. వీధి దీపాలు వెలిగేలోపు బయలుదేరాలి. నువ్వు రావాలి."

ఆ చలిపొద్దు తర్వాత, దీపాలు వెలిగాకే స్తంభాలు మాట్లాడుతున్నాయి. ఇంకా పొద్దుంది.

"మరి ఆయన?" అంది మైకక్క.

స్టాపులో ఉంటాను, బండికి డీజిలు పోసి ఉంచుతాను అని చెప్పి వెళ్ళాడు అతను.

ఆమె మూట విప్పింది. వెళ్ళేముందు ఈ ఒక్క మూట చూసుకుంటే సరి, బాకీ ఉండదనుకుంది. పిల్లల స్వెట్టరు, ఎవరిదో ఉన్ని శాలువా, నల్ల కోటు. దాని కింద గోధుమరంగు.

చూడగానే తెలిసింది. అయినా మూడో గుండీ వెతికింది. ఊడిపోతే నల్లదారం దొరక్క ఎర్రదారంతో తనే కుట్టింది. ఎర్రదారం అలాగే ఉంది. ఆమె కోటును మొహానికి అదుముకుంది. మట్టి వాసన, ఎండ వాసన. ఆయన వాసన ఎక్కడో అడుగున, ఉందా లేదా అన్నట్టుంది. "ఇంతదూరం ఎందుకెళ్ళావయ్యా!" అని పైకే అంది. ఆ కేకకు ఎదుటి మేడ మీది పావురాలు లేచాయి.

ఎవరి గొంతు విని వెళ్ళాడో ఆలోచించక్కర్లేదు. మూడు కేకలకి గాని పలకని మనిషి, ఆ రోజు మొదటి కేకకే కదిలాడు. ఇంట్లో ఆమె ఎవరినీ పిలవకుండా దుప్పట్లు మడతపెట్టుకుంటోంది.

ఆమె కోటును బల్లమీద పరిచింది. తడిగుడ్డ వేసింది. ఇస్త్రీపెట్టె ఆనించబోయి ఆగింది. జేబులు చూడకుండా పెట్టె ఆనించకూడదు. అది ఆయన పెట్టిన నియమం. ఒకసారి ఎవరి పెళ్ళిచొక్కా జేబులోనో సిరా కలం చూడక తను ఇస్త్రీ చేస్తే, ఆ నీలిమరక దెబ్బకి నెలరోజులు వీధిలో తలెత్తుకోలేకపోయారు. పై జేబులో ఏమీ లేదు. పక్క జేబుల్లో ఇసుక. లోపలి జేబులో అట్టముక్క చేతికి తగిలింది. శనగబద్దలంత బ్యాటరీల అట్ట, విప్పనిది.

కొన్నాడు. కొని, ఇంటికి వస్తూ ఉండగానే పిలుపు వచ్చి ఉంటుంది.

ఊళ్ళో దుకాణాల నిండా బ్యాటరీలే. వినకుండా ఉండటమే బతుకని తెలుసు గనక ఆమె ఏనాడూ అటు కన్నెత్తి చూడలేదు. కానీ ఇది ఆయన తన కోసం కొన్నది. చీకటి చారలు నేలమీద పాకుతున్నా ఆమె కదల్లేదు. అట్ట చించింది. బ్యాటరీ వీపుకి అంటించిన పసుపు కాగితం గోటితో పీకింది. కొంగుకి ముడివేసుకున్న మిషను తీసి, దాంట్లో పెట్టి, చెవికి తగిలించుకుంది.

లోకం ఒక్కసారిగా మీద పడింది. ఇస్త్రీపెట్టె టిక్‌టిక్‌మంటోంది. ఎక్కడో ఫ్రిజ్ మూలుగుతోంది. లిఫ్టు తలుపు తెరుచుకుని, మూసుకుంది. తన ఊపిరి తనకే కొత్తగా ఉంది.

వీధి దీపాలు వెలిగాయి.

"బంగారం!" అంది స్తంభం. ఆయన గొంతే. "వచ్చేశాను. నువ్వు లేకపోతే నాకు తోచడం లేదు, బంగారం."

మైకక్కకి నవ్వు వచ్చేసింది. ముప్పైయేళ్ళ కాపురంలో బంగారం అని పిలిచిన మొహమేనా అది! "పోవే దొంగముండా," అని స్తంభాన్నే తిట్టింది.

స్తంభం ఒక్క క్షణం ఊరుకుంది. ఆ నవ్వును విన్నట్టే ఉంది. తర్వాత అందులోంచి చిన్న దగ్గు వచ్చింది. ఇంకో దగ్గు. గొంతు సవరించుకున్న చప్పుడు.

"ఇదిగో... టీ పెట్టావా?"

ఆమె కాళ్ళు వాటంతట అవే కదిలాయి. అబద్ధమని తెలుసు. తెలిసీ గుమ్మం దిగింది. ఆ దగ్గు కోసం ఎన్ని తలుపులు తోసింది, ఎన్ని మంచాల కింద చూసింది! పోతే పోనీ, చెప్పులు విడిచినవాళ్ళంతా ఎక్కడున్నారో తనూ అక్కడే ఉంటుంది. "వస్తున్నానయ్యా," అనబోయింది.

అప్పుడు వీధి ఆ చివర, బస్సు స్టాపు దాటాక ఉన్న స్తంభం అరిచింది.

"ఒరేయ్ తమ్ముడూ! ఇటు రారా! కాలు మడతపడిందిరా, లేవలేకపోతున్నాను!"

ఎవరిదిరా బాబూ ఈ బొంగురు గొంతు అనుకుంది. రెండో కేకకి తెలిసింది, తనదే. ఆమె చేత్తో తన పెదాలు తాకి చూసుకుంది. మూసుకునే ఉన్నాయి. తను ఇక్కడ నోరు మూసుకుని నిలబడి ఉంటే, తను అక్కడ నేలమీద పడి ఏడుస్తోంది. మరి ఇక్కడ దగ్గుతున్న ఆయన సంగతేమిటి? దగ్గు ఇక్కడుంది. మనిషి లేడు. ఇన్నాళ్ళూ తలుపులు తోసి వెతికిన సమాధానం అంత చిన్నది. ఆమె గుమ్మం పట్టుకుని బావురుమంది.

"ఇదిగో, వింటున్నావా?" అంది స్తంభం.

ఆమె లోపలికి వెళ్ళి, మిషను ఊడదీసి కోటు మీద పెట్టింది. అలవాటు కొద్దీ ఇస్త్రీపెట్టె ప్లగ్గు పీకింది. మళ్ళీ నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో పరిగెత్తింది.

స్టాపులో బస్సు ఉంది, తలుపు తీసి ఉంది, ఇంజను పొగ వస్తోంది. డ్రైవరు సీటులో లేడు. రోడ్డు మీద దూది ఉండలు పడి ఉన్నాయి. అతను ఆ స్తంభం వైపు, ఆమెకు వీపు పెట్టి, వడివడిగా నడుస్తున్నాడు.

పిలవబోయి నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. ఏమని పిలుస్తుంది? ఏ గొంతుతో పిలుస్తుంది? అతనికి ముందునించీ వెనకనించీ ఒకే కేక వినపడుతుంది. జన్మలో మొదటిసారి మైకక్క అరవకుండా పరిగెత్తింది. రొప్పుతూ, పైట జారిపోతుంటే అదుముకుంటూ వెళ్ళి అతని మణికట్టు పట్టుకుంది. ఇస్త్రీపెట్టె పట్టి పట్టి కాయలు కాచిన చేయి.

అతను గింజుకున్నాడు, తిరిగి చూశాడు. ఎదురుగా ఆమె, పెదాలు బిగించి. అవతల స్తంభం ఇంకా పిలుస్తూనే ఉండి ఉంటుంది, ఎందుకంటే అతను అటొకసారి, ఇటొకసారి చూశాడు. తర్వాత చంటిపిల్లాడిలా ఆమె భుజం మీద తల వాల్చేశాడు.

బస్సులో ఆమె అతని వెనక సీటులో కూర్చోలేదు. ఇంజను పక్కనున్న పెట్టె మీద, అతనికి మొహం కనపడేలా కూర్చుంది. ఊరి చివర స్తంభం దాటేదాకా అతను నిమిషానికోసారి ఆమె మూసిన నోటివంక చూస్తూ బండి నడిపాడు. ఆమె అలాగే బిగబట్టుకుని కూర్చుంది. స్తంభాలు అయిపోయాక, "దీపాలు వేసుకోరా, గోతులు కనపడవు," అంది, ఎప్పటిలా ఊరు దద్దరిల్లేలా. అతను ఏడుస్తూ నవ్వాడు.

కొండ మలుపులో ఆమెకు దిగులు పట్టుకుంది, ప్లగ్గు పీకానా లేదా అని. పీకింది. ఆపడం మరిచింది మిషనునే. దుకాణం బల్లమీద, ఎర్రదారం గుండీ పక్కన, కొత్త బ్యాటరీతో అది ఇంకా వింటూనే ఉంది.