ఒక్క గంట కోసం లెన్సులు

ఉల్లిగడ్డలు కోస్తుంటే ఇప్పుడు నాకు కుడి కన్నే మండుతుంది. ఎడమది ఊరికే తెరుచుకుని ఉంటుంది. నా ఒంట్లో ఏడవడం మానేసిన మొదటి భాగం అదే.

కళ్లద్దాలు వద్దన్నది నా భర్త అమరేందర్. "ఫోటోలల్ల మా అమ్మకన్న పెద్దగ కనవడ్తున్నవ్" అని దోస్తుల ముందు నవ్వాడు. నేనూ నవ్వాను. అవమానం నాకు ఎప్పుడూ ఆలస్యంగానే వస్తుంది, వంటింట్లో ఒంటరిగా ఉన్నప్పుడు. మర్నాడు లెన్సులు తెచ్చిచ్చాడు. పగలంతా ఆఫీసులో కంప్యూటర్ ముందు, ఇంటికొచ్చాక పొయ్యి ముందు, కళ్లల్లో ఇసుక పోసినట్టుండేది. అందంగా ఉన్నావని ఎవరో అన్నారు. ఆ ఒక్క మాట కోసం ఆ మంటను ఓర్చుకున్నాను, అదీ నిజమే.

ఒకరోజు లెన్సులు కడిగే మందు అయిపోయింది. తెమ్మంటే, "కృష్ణా నీళ్లు పట్టు, అయిపాయె. దినాం తాగుతలేమా?" అన్నాడు. నల్లగొండలో పుట్టినవాళ్లు ఆ మాటకు ఎదురు చెప్పలేరు. ఫ్లోరైడు బోరు నీళ్లు తాగి తాగి మా అవ్వ వంగిన నడుముతోనే పోయింది. చెడ్డ నీళ్లంటే మాకు బోరు నీళ్లే, నల్లాలో వచ్చే కృష్ణా నీళ్లు మందుతో సమానం. నమ్మి కడిగాను. ఎడమ కన్ను ఎర్రబడింది. "కండ్లకలకలు అందరికొస్తయి, పోతయి" అంది అత్తమ్మ. దవాఖానకు పోయేసరికి నల్లగుడ్డు మీద పుండు పడింది. "తాగే నీళ్లయినా లెన్సులకు తగలొద్దమ్మా" అంది డాక్టరమ్మ. పుండు మానింది, మచ్చ మిగిలింది, మళ్లీ అద్దాలే గతయ్యాయి. కంటి కట్టుతోనే అందరికీ వండాను. "ఒకటి మంచిగనే ఉన్నది గద" అన్నాడు అమరేందర్. ఓదార్పుగానే అన్నాడు. భయపెట్టింది అదే.

ఇవాళ మా ఆడబిడ్డ అక్షితను చూడటానికి చిట్యాల నుంచి పెళ్లికొడుకు వాళ్లు వస్తున్నారు. అక్షితకూ అద్దాలున్నాయి. అత్తమ్మ అల్మారా వెతికి నా పాత లెన్సుల డబ్బా తెచ్చింది.

"ఊకెనే పడి ఉన్నయి గద. పిల్లకు నువ్వే పెట్టు, నీకలవాటే."

"అవి చెడిపోయినయి అత్తమ్మా. నంబరు గూడ వేరే."

"నంబరెవలడిగిండ్రు? ఆడ కూసుండి పేపరు చదువుతదా? ఒక్క గంట."

అక్షిత మంచం అంచున కూర్చుని, తల పైకెత్తి, తన కన్ను తానే వేళ్లతో విప్పి పట్టుకుంది. "జర మెల్లగ వదినా" అంది, అంతే. ఎందుకని అడగలేదు.

నా పెళ్లిచూపులనాడు మా అమ్మ నా అద్దాలు తీసి దాచింది. ఎదురుగా ఒక నీలం చొక్కా కదిలింది, దాని పైన ముఖం ఉండవలసిన చోట ఒక మరక. నచ్చిండా అని అడిగితే తలూపాను. ఆ మరకలో ఎవరున్నారో తెలుసుకోవడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. ఇప్పుడు లెన్సును మోస్తున్న నా వేలు అక్షిత కంటి దగ్గరికి వెళుతోంది. అది నా వేలిలా లేదు. మా అమ్మది, అత్తమ్మది, అమరేందర్‌ది అన్నట్టుంది.

బయట కారు ఆగింది. "అయిందా?" అని అత్తమ్మ కేకేసింది.

లెన్సులు రెండూ తీసుకెళ్లి వంటింటి మోరీలో పారేసి నల్లా తిప్పాను. అక్షిత అద్దాలు కొంగుతో తుడిచి దాని ముఖానికి పెట్టాను. తర్వాత చాయ్ పళ్లెం పట్టుకుని ముందుగదిలోకి నేనే వెళ్లాను. వచ్చినవాళ్లంతా వెళ్లిపోయాక ఈ ఇంట్లో నాకేం జరుగుతుందో తెలుసు. అమరేందర్ వాళ్లకు నన్ను చూపించి, "మా ఇంటామె" అన్నాడు.

"పిల్లకు అద్దాలున్నయి" అన్నాను. "తీసి రమ్మన్నరు. నేనే వద్దన్న."

ఎవరూ కప్పు అందుకోలేదు. పళ్లెం బల్ల మీద పెట్టి పెళ్లికొడుకు వైపు తిరిగాను.

"జర వెలుతురుల కూసో తమ్మీ. పిల్ల నిన్ను చూడాలె."