సబ్బు పొడి డబ్బా వెనక

చర్చిలో ప్రభువు బల్లకు ద్రాక్షరసం పోసే గాజు గ్లాసులు బొటనవేలంత ఉంటాయి. వాటిలో చెయ్యి పట్టదు, పీచు పట్టదు. గుడ్డ కొస మెలితిప్పి, లోపలికి దూర్చి, తిప్పి, వెలుతురుకెత్తి చూసి, మరక కనిపిస్తే మళ్ళీ మొదలు. సంఘం పెరిగినప్పుడల్లా పాస్టర్ గారు మైకులో ఆ మాట ప్రకటిస్తారు, జనం స్తోత్రాలంటారు, ఆయన భార్య పాస్టరమ్మ మటుకు "ఇంకో ట్రే గ్లాసులు" అనుకుంటుంది. ఇన్నేళ్ళలో ఒక్క మగవాడూ హాలు వెనకున్న ఆ వంటగదిలోకి తొంగిచూసి "నేనో చెయ్యి వెయ్యనా?" అన్న పాపాన పోలేదు.

ఆ ఆదివారం కూడా ఆవిడ గ్లాసులు కడుగుతోంది. ఏడేళ్ళ కూతురు పక్కన స్టూలెక్కి కూర్చుని ఆపకుండా కబుర్లు చెబుతోంది. ఆ కిచకిచకే దానికి పిచ్చుక అని పేరు పడింది. పొద్దున్నే దాని నోట్లో మాత్ర వేసి, మింగిందో లేదో నాలుక ఎత్తించి చూసి మరీ తీసుకొచ్చింది. ఇంట్లో ఆ మాత్రలుండేది సింకు కింద, సబ్బు పొడి డబ్బా వెనక. మంచినీళ్ళ గ్లాసు ఎక్కడుంటుందో తెలియని భర్తకు సింకు కింద ఏముందో ఏం తెలుస్తుంది? అత్తగారికి మోకాళ్ళ నొప్పులు, వంగలేదు. చాకిరీ ఉన్నచోటికి ఆ ఇంట్లో ఎవరూ రారు. కాబట్టి దాచుకోవడానికి అంతకంటే భద్రమైన చోటు లేదు.

ఏడాది క్రితం తింటూ తింటూ పిచ్చుక కళ్ళు తేలేసింది. కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాయి. ఆస్పత్రిలో మంచం పక్కన నేల మీద పాస్టరమ్మ మోకరించింది. అప్పటిదాకా ఆవిడ ప్రార్థనంటే భర్త మాటలే, అరువు తెచ్చుకున్న నగలా పెట్టుకుని తీసేసేది. ఆ రోజు అవేవీ నోటికి రాలేదు. "ప్రభువా, ప్రభువా" అన్న మాట తప్ప గొంతులో ఏమీ మిగల్లేదు. నర్సు సూది గుచ్చింది. పిల్ల కళ్ళు తెరిచి "అమ్మా" అంది. ప్రార్థన ఎక్కడ ముగిసిందో, మందు ఎక్కడ పని మొదలెట్టిందో ఆవిడకు ఈనాటికీ తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. ఆ గదిలో ప్రభువున్నాడు. నర్సు చేతి పక్కనే ఉన్నాడు. ఆ నమ్మకం ఆవిడ సొంతం, ఎవరి ప్రసంగంలోంచీ తెచ్చుకున్నది కాదు.

ఇంటికి రాగానే పాస్టర్ గారు మందులన్నీ చెత్తబుట్టలో వేశారు. "మాత్ర మింగించడమంటే దేవుడి మొహం మీదే నీ మీద నమ్మకం లేదనడం" అన్నారు. అత్తగారు తలూపింది. "కష్టాలు విశ్వాసాన్ని గట్టిపరుస్తాయమ్మా. నా కొడుకు చూడు, ఎలా నిలబడ్డాడో!" ఫిట్స్ వచ్చింది పిల్లకు, తడిసిన బట్టలు ఉతికింది తల్లి, గట్టిపడింది మాత్రం ఆయన విశ్వాసం. ఏం లెక్కో ఏమో!

"ఇంకోసారి ఈ ఇంట్లో మాత్ర కనిపించిందా, పిల్లను మా అమ్మతో మందు ముట్టని ఉపవాస గృహానికి పంపించేస్తాను. నువ్వు రానక్కర్లేదు. నీ అవిశ్వాసం దానికి అంటకూడదు." ఆ మాట ఆయన చాలా మెల్లగా అన్నారు. పెళ్ళయినప్పటి నుంచి ఆమె మీద చెయ్యెత్తలేదు. అంత మెల్లగా మాట్లాడే మనిషికి చెయ్యెత్తే పనేముంది?

అప్పటి నుంచి ఈ దొంగతనం. ఆ రాత్రే మాత్రలు చెత్తలోంచి ఏరి దాచింది, అయిపోయినప్పుడల్లా కూరల డబ్బుల్లో మిగిల్చి కొనేది. రోజూ మాత్ర అరచేతిలో పెట్టుకుని "ప్రభువా, దీన్ని దీవించు, నన్ను దాచు" అని అడిగేది. ఆయన రెండూ చేశాడు. పిచ్చుకకు మళ్ళీ ఫిట్స్ రాలేదు. దాంతో పాస్టర్ గారు అద్భుతం జరిగిందని చాటారు, భార్యను సాక్ష్యం చెప్పమని వేదిక మీదికి పిలిచారు. "మా పాప బాగుంది, దేవునికి స్తోత్రం" అని ఆవిడ గబగబా చెప్పి దిగిపోయింది. అబద్ధమేం కాదు, కాకపోతే సగం నిజం. ఆ సగం నిజం మాత్రం జనం ఫోన్లలో ఊరంతా తిరిగింది.

"ఆంటీ, నీళ్ళు."

గుమ్మంలో టైలరక్క కూతురు. మందిరం ఎదుటి వీధిలో కుట్టుమిషను పెట్టుకున్న టైలరక్కకు ఒక్కతే బిడ్డ. చిన్నప్పటి నుంచీ షుగరు, తల్లే పూటపూటకూ ఇంజెక్షన్ వేస్తుంది. పిల్ల గటగటా తాగి, ఖాళీ గ్లాసు మళ్ళీ చాపింది.

"ఏమ్మోయ్, ఇందాకేగా తాగి వెళ్ళావు! ఎడారి దాటొచ్చావా ఏంటి?" అంది పాస్టరమ్మ నవ్వుతూ.

పిల్ల నవ్వలేదు. పెదాలు ఎండి చిట్లి ఉన్నాయి. ఊపిరి బరువుగా తీస్తోంది. దగ్గరికొచ్చేసరికి దాని నోటి నుంచి మగ్గిపోయిన పండు వాసన గుప్పుమంది. షుగరు ముదిరినప్పుడు వచ్చే వాసన అదేనని ఆస్పత్రిలో నర్సు ఎవరికో చెప్పగా పాస్టరమ్మ విన్నది. గ్లాసు సింకులో వదిలేసింది.

"ఇక్కడున్నావా!" అంటూ టైలరక్క వచ్చింది. మొహం వెలిగిపోతోంది. "అమ్మగారూ, మీకే ముందు చెబుదామనుకున్నా. మొన్నటి నుంచి ఇంజెక్షన్ మానేశామండీ! మీ సాక్ష్యం చూశాక నాకూ ధైర్యమొచ్చింది. అమ్మగారంత మనిషి కన్నబిడ్డను దేవుడి చేతుల్లో పెట్టగా లేంది, నాకేం రోగం అనుకున్నా."

"అక్కా, పిల్లను చూడు ఎలా ఉందో. ఇప్పుడే ఇంటికెళ్ళి ఇంజెక్షన్ వెయ్యి. నా మాట విను."

టైలరక్క నవ్వింది. "భలేవారే! నన్ను పరీక్ష చేస్తున్నారు కదూ? అయ్యగారు ముందే చెప్పారు, మనకు కావలసినవాళ్ళే సందేహం పెడతారని. పొద్దున వాంతి చేసుకుంది, రోగం బయటికి పోతోందన్నారు."

"అది కాదక్కా, మా పిచ్చుక..."

"ఇంకా ఇక్కడేనా?" అత్తగారు గుమ్మంలోకి వచ్చింది. "పై సంఘం పెద్దలు వచ్చేశారు. ఇవాళ నీ సాక్ష్యం విన్నాకే నా కొడుక్కి పట్నంలో పెద్ద మందిరం ఇస్తారట. రా, రా!" టైలరక్కనూ పిల్లనూ ముందుకు తోసుకుంటూ తీసుకెళ్ళిపోయింది. గ్లాసులన్నీ తడి తడిగా అలాగే ఉన్నాయి.

వేదిక మెట్ల దగ్గర పాస్టర్ గారు ఆమె చెవి దగ్గరికి వంగారు. "నవ్వుతూ చెప్పు. మందు మానేశాకే తగ్గిందని స్పష్టంగా చెప్పు. పోయినసారిలా మింగెయ్యకు." దూరం నుంచి చూసేవాళ్ళకు భార్యకు ధైర్యం చెబుతున్న భర్తలా కనిపించి ఉంటారు.

పాట ఇంకా అవలేదు. మొదటి వరసలో అత్తగారి ఒడిలో పిచ్చుక కాళ్ళూపుతోంది. పాస్టరమ్మ ఆ ఒడినే చూస్తోంది. నిజం చెబితే ఈ సాయంత్రానికే ఆ చేతులు పిచ్చుకను ఎత్తుకెళ్ళిపోతాయి. మాత్ర లేకుండా, తల్లి లేకుండా. ఉపవాస గృహంలో దానికి ఫిట్స్ వస్తే చుట్టూ నిలబడి పాటలు పాడతారు. పోనీ, ప్రార్థన అయ్యాక టైలరక్కను పక్కకు పిలిచి చెబితే? చెవిలో చెప్పిన మాట ఇందాక ఏమైందో చూసింది కదా. మైకులో పుట్టిన నమ్మకం వంటగదిలో గుసగుసలకు చావదు. ఏడాదిగా దేవుడు తనను దాచాడనుకుంది. ఆ దాపు కింద ఇంకో బిడ్డ ఎండిపోతోంది. ఇదేం దీవెన ప్రభువా! ఆవిడకు ఏడుపు ముంచుకొచ్చింది, కోపం అంతకంటే ఎక్కువ వచ్చింది, భర్త మీదా, తన మీదా.

పాట ఆగింది. వేదికెక్కింది, మైకు చేతికొచ్చింది. చివరి వరసలో టైలరక్క ఫోను పైకెత్తి పట్టుకుంది, ఈసారి వీడియో స్వయంగా తీసుకోవాలని. పక్కనే కూతురి తల మెల్లగా తల్లి భుజం మీదికి వాలింది. టైలరక్క చూసుకోలేదు. చప్పట్లు కొడుతున్న జనంలో ఎవరూ చూడలేదు.

పాస్టరమ్మ కళ్ళు మూసుకుంది. "ప్రభువా, ఆ బిడ్డను దీవించు, నా బిడ్డను దీవించు" అంది. దాచమని మాత్రం అడగలేదు. కళ్ళు తెరిచి మెట్లు దిగింది. భర్త చెయ్యి అడ్డం వచ్చింది, దాన్ని పక్కకు తోసింది. అత్తగారి ఒడిలోంచి పిచ్చుకను లాగి చంకనేసుకుంది. ఒక చేత్తో పిల్ల, ఇంకో చేత్తో మైకు, తీగను వెంట ఈడ్చుకుంటూ నేరుగా చివరి వరస దాకా నడిచింది.

"టైలరక్కా, పిల్లను ఎత్తుకో, ఆస్పత్రికి పోదాం పద. మా పిచ్చుకకు నేను ఒక్క పూట కూడా మందు ఆపలేదు."