ప్రేమకుమారి చేపలకు మంచినీళ్ళు

మధ్యాహ్నం ఎండ కిటికీలోంచి వచ్చి గాజుతొట్టిలో దిగేది. నీళ్ళలో కాసేపు ఈదులాడి ఎదురు గోడ మీదికి ఎగబాకేది. అప్పుడు గోడంతా మెల్లగా కదిలేది. పరంజ్యోతి ఆ గోడ కిందే చాప పరుచుకుని ఒరిగేది. అది నిద్రా కాదు, మెలకువా కాదు. మూసిన రెప్పల కింద బంగారు రంగు చేపలు తొట్టి అంచు దాటి గాల్లోకి వచ్చేవి. కూతురి ఖాళీ మంచం చుట్టూ తిరిగేవి. దిండు మీద మూతులు ఆనించి ఏదో చెప్పబోయేవి.

ఉలిక్కిపడి లేచి చూస్తే తొట్టిలో ఒకటి వెల్లకిలా తేలివుండేది.

ఆ చేపలు కూతురు ప్రేమకుమారివి. యుద్ధం ముగిసి దొరలంతా ఓడలెక్కుతున్న రోజుల్లో, మదనపల్లెలో ఆ పిల్లకు కుట్టుపని నేర్పిన దొరసానమ్మ కూడా ప్రయాణం కట్టింది. పోతూ పోతూ తొట్టిని, చేపల్ని ఈ ఇంటికి పంపి, గడపలో నిలబడి తనకొచ్చిన తెలుగులో ఒక్కొక్క మాటే పేర్చి చెప్పింది: "వీటికి మంచి నీళ్ళు పోయవలెను. మరువరాదు."

ప్రేమకుమారి మరిచిపోయిందో, లెక్కచేయలేదో, పెరట్లో బావినీళ్ళు తోడి బకెట్టుతో అట్లాగే పోసేది. "వాడకం నీళ్ళు పోస్తావేమే పాపా? దొరసానమ్మ మంచినీళ్ళు అన్న్యాది గదా!" అని తల్లి కేకలేస్తే, "అవేమన్నా నీ సుట్టాలా మా?" అని నవ్వేది. చేపలు మాత్రం బాగానే ఉండేవి.

తర్వాత ఆ పిల్లకు దగ్గు పట్టుకుంది. సాయంకాలమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడేది. డాక్టరు ఊరి బయటి క్షయ ఆసుపత్రిలో మంచం ఇప్పించి, కదలకుండా పడుకోవాలనీ, గాలీ పాలూ గుడ్లే మందనీ, ఏడాది పట్టినా పట్టొచ్చనీ చెప్పాడు. బండెక్కుతూ ప్రేమకుమారి అన్నది ఒక్కటే: "చేపల్ని బాగా సూసుకో మా."

పరంజ్యోతి సూసుకోవడం మొదలుపెట్టింది. సగం బతుకు ఊహించుకుని భయపడడానికే సరిపోయే మనిషి ఆమె. బస్సు ఆలస్యమైతే లోయలో పడిందనుకుంటుంది. గబ్బిలం తగిలితే కళ్ళు పోతాయనుకుంటుంది. అలాంటి మనిషి చేతికి కూతురి ప్రాణంలాంటి చేపలు వచ్చాయి. వాడకం నీళ్ళు ఆపేసి, ఇంట్లో తాగడానికి పెట్టుకునే రాగి బిందెలోంచి మంచినీళ్ళు పోసింది. బిందెను చింతపండుతో తోమి, తియ్యబావి నీళ్ళు తెచ్చి, రాత్రంతా నిలవుంచి, పొద్దున్నే పలచటి గుడ్డలో వడగట్టి మరీ పోసింది.

మొదటి చేప చచ్చింది.

తిండి ఎక్కువైందేమోనని మెతుకులు మానింది. రెండోది చచ్చింది. ఎండ తగులుతోందని తొట్టి మీద తడిగుడ్డ కప్పింది. ఇంకొకటి పోయింది. చచ్చేముందు అన్నీ ఒకే తీరు. నీళ్ళపైకి వచ్చి నోళ్ళు తెరిచేవి. ఒంటి మీద పల్చటి తెల్లటి జిగురు పేరుకునేది. ఆ నోళ్ళు చూస్తుంటే ఆమెకు ఆసుపత్రి వరండాలో ఊపిరందక లేచి కూర్చునే ఆడపిల్లలే కనిపించేవారు.

పక్కింటి ఇమాంబీ వచ్చి చూసి, బుగ్గ మీద వేలు పెట్టుకుంది. "దిష్టి గాదు గదా అక్కా?"

"మేము అట్లాంటివి నమ్మం ఇమాంబీ."

"నమ్మకుంటే నమ్మొద్దులే. నువ్వు నమ్మలేదని దిష్టి ఎనిక్కి పోతాదా?"

పుంగనూరు బళ్ళో పంతులుగా ఉంటూ వారానికొకసారి ఇంటికొచ్చే భర్త దేవసహాయం కూడా తొట్టి ముందు గొంతుకూర్చుని చూశాడు. "నీళ్ళు మురిగినాయేమోనే. దినామూ మార్చు" అన్నాడు. ఆమె రోజూ మార్చింది. బిందెను ఇంకా గట్టిగా తోమింది. చేపలు ఇంకా తొందరగా పోయాయి.

శకునాలు చూడకూడదని చిన్నప్పటి నుంచీ చర్చిలో విన్నదే. అయినా మనసు ఒక లెక్క కట్టేసింది. పాప ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఇవి బతికాయి. పాప మంచాన పడ్డాక పోతున్నాయి. చివరిది పోయే లోపల పాపను ఆ వరండాలోంచి తెచ్చేయాలి. కుప్పంలో అన్న బర్నబాస్ ఇంటికి తీసుకుపోవాలి. అక్కడైతే ఎవరూ దగ్గరు. అక్కడైతే తన ఒళ్ళోనే...

"బండ్లో కుదిలిస్తే రొమ్ములోనుంచి నెత్తురు పడతాదని డాక్టరు సెప్పినాడా లేదా?" అన్నాడు దేవసహాయం. "కుప్పం దాకా ఎట్ల పిల్సుకొని పోతావే?"

"ఆడ ఉంటే మాత్రం బతుకుతాదా?" అంది ఆమె. అన్నాక తన నోరే తనకు భయమేసి కొంగు అడ్డం పెట్టుకుంది.

అంతలో బిందె అడుగున చెమ్మ కారడం మొదలైంది. మాటు వేయమని గిన్నెలు బాగుచేసే ఘనికి ఇచ్చింది. బిందె లేక మంచినీళ్ళు నల్ల కడవలో పోసిపెట్టుకున్నారు. చేపలకూ ఆ నీళ్ళే. ఆ కొద్ది రోజులూ ఏమి జరిగిందో గానీ ఇల్లు కలలాగా మారిపోయింది. మిగిలిన మూడు చేపలూ తోకలు విసురుతూ తిరిగాయి. జిగురు విడిపోయింది. గోడ మీద వెలుగు గంతులేసింది. పరంజ్యోతి మధ్యాహ్నం ఒరిగితే, ప్రేమకుమారి నీళ్ళ అడుగున జడ విప్పుకుని నవ్వుతూ నడుస్తున్నట్టు కనిపించింది. పాపకు నయమవుతోంది, దేవుడు సైగ చేశాడు, కుప్పం అక్కర్లేదు అనుకుంది.

ఘని బిందె తెచ్చాడు. "సూడమ్మా, తగరం మాటు. లోపలంతా నిమ్మకాయ పెట్టి తోమినాను. మొగం సూసుకోవచ్చు. మీరు ఇట్లే తోముతా పోతే ఇంగ కొన్నాళ్ళకు బిందె ఉండదు, మెరుపే ఉంటాది!"

ఆమె కూడా నవ్వింది. ఆ రాత్రి బిందె నింపింది. పొద్దున్నే తొట్టి ఖాళీ చేసి కొత్త నీళ్ళు పోసింది.

ఎండ గోడెక్కే వేళకు మూడు చేపలూ పైకి వచ్చి నోళ్ళు తెరిచాయి.

పరంజ్యోతికి మళ్ళీ కుప్పమే గుర్తొచ్చింది. ఇక అడిగేదేమీ లేదు, ఆగేదేమీ లేదు. ఇమాంబీని పంపి మునెప్ప జట్కా మాట్లాడమంది. ఆసుపత్రికి పోయి పాపను ఎక్కించుకుని, పుంగనూరు మీదుగా కుప్పం పోయే బస్సు అందుకోవాలి. దుప్పట్లు మూట కట్టింది. పెరుగన్నం ఆకులో చుట్టింది. దారిలో పాప గొంతు ఎండితే మజ్జిగ ఉండాలి. మూతున్న చెంబు ఇంట్లో ఒక్కటే, రాగిది. దాన్ని ముందు పెట్టుకుని మజ్జిగ ముంత వంచింది.

చెయ్యి దానంతటదే ఆగిపోయింది.

పుల్లనిది కళాయి లేని రాగిలో పోస్తారా ఎవరైనా? కిలుం పడుతుంది. మజ్జిగ పచ్చగా విరిగి విషమవుతుంది. పావడా కట్టే వయసులో అమ్మ నెత్తి మీద మొట్టి నేర్పిన మాట అది. చెయ్యి మరచిపోలేదు. మనసు మాత్రం ఇన్నాళ్ళూ ఎక్కడ తిరుగుతోంది?

ముంత కింద పెట్టింది. చింతపండుతో, నిమ్మకాయతో తోమి తోమి పచ్చిరాగి చేసిన బిందె. అందులో రాత్రంతా నిలవున్న నీళ్ళు. తొట్టిలో వేలు ముంచి నాలుక మీద రాసుకుంది. కడవలో వేలు ముంచి మళ్ళీ రాసుకుంది. కడవ నీళ్ళు మట్టి వాసనతో చప్పగా ఉన్నాయి. తొట్టి నీళ్ళు నాలుక చివర సన్నగా, డబ్బుబిళ్ళ నోట్లో పెట్టుకున్నట్టు ఉన్నాయి. మనిషికి అది లెక్కలోకి రాదు. మరి పగలూ రాత్రీ అందులోనే ఊపిరి తీసేవాటికి?

"దేవా, నేనేనా!" అంది.

రొట్టెల పిండి కలిపే మట్టి బాన కడిగి కడవ నీళ్ళు నింపింది. అరచేతులతో చేపల్ని ఒక్కొక్కటే ఎత్తి అందులో వదిలింది. ఒకటి అప్పటికే కదలడం లేదు. మిగతా రెండూ పక్కకు ఒరిగి, మొప్పలు ఆడిస్తూ అలాగే ఉండిపోయాయి. వాటి మీదికి వంగి ఎంతసేపు చూసిందో ఆమెకు తెలియదు. శకునం కాదు. పాప కాదు. కిలుం. కిలుమే. ఏడ్వాలో నవ్వాలో తెలియక బాన అంచు పట్టుకుని కూర్చుంది.

"అమ్మా! గుర్రం నిలబడి నిద్రపోతాండాది, వస్తావా లేదా?" అని వీధిలో మునెప్ప అరిచాడు.

మూట ఎత్తుకుని బండెక్కింది. ఎందుకెక్కిందో అప్పటికి ఆమెకే తెలియదు.

ఆసుపత్రి వరండాలో గాలి చల్లగా వీస్తోంది. కొండ మీది మబ్బు నీడలు మంచాల మీదుగా పాకి పోతున్నాయి. ప్రేమకుమారి ముందుగా తల్లిని కాదు, మూటను చూసింది.

"ఇంటికా మా?" అంది. కళ్ళు పెద్దవయ్యాయి. "నన్ను పిల్సుకొని పోతాండావా?"

ఆ గొంతులో అంత ఆశ ఉంటుందని పరంజ్యోతి అనుకోలేదు. మంచం పక్కన కూర్చుని చేపల సంగతంతా చెప్పేసింది. వారం వారం 'బాగుండాయి' అని చెప్పిన అబద్ధాలూ, దినానికొకసారి పోసిన బిందె నీళ్ళూ, కిలుమూ. "మంచినీళ్ళు పోయమన్న్యాది గదా పాపా దొరసానమ్మ. అందుకే..."

ప్రేమకుమారి మూట వైపే చూస్తూ వింది. చివరికి, "దొరసానమ్మకు తెలుగు యాడ వస్తాది మా? మురికి లేని నీళ్ళని సెప్పింటాది. ఆయమ్మ ఇంట్లోనూ బావినీళ్ళే పోసేది" అంది. తర్వాత అటు తిరిగి పడుకుంది. అటునుంచే అడిగింది: "ఎన్ని మిగిలినాయి?"

"రెండు. పొద్దుగూకేదాకా ఉంటాయో లేదో."

"నన్ను పిల్సుకొని పో మా. నేను సూసుకుంటా."

పరంజ్యోతి ఆ వీపు మీద చెయ్యి వేసింది. బక్కచిక్కిన ఎముకల కింద ఊపిరి అందుతూ, ఆగుతూ, మళ్ళీ అందుతోంది. ఈ పిల్లను ఎత్తుకుని గుండెకు కరుచుకుని కుప్పం దాకా పరిగెత్తాలనిపించింది. చేతులు అందుకు సిద్ధంగానే ఉన్నాయి. ఆ చేతుల్నే ఆమె ఇప్పుడు నమ్మలేకపోయింది.

"లేదు పాపా," అంది. "నువ్వు ఈడనే ఉండు. డాక్టరు పొమ్మనేదాకా ఈడనే."

"మరి బండి యాల తెచ్చినావు?"

తల్లి మూట దగ్గరికి లాక్కుంది. ఆకు విప్పి పెరుగన్నం ముద్ద చేసి పెడితే, ప్రేమకుమారి కోపంగానే నోరు తెరిచి తిన్నది. రెండో ముద్ద తానే అడిగింది. దుప్పట్లలో మందంగా ఉన్నదాన్ని విప్పి పిల్ల కాళ్ళ మీద కప్పి, వెనక్కి తిరిగి చూడకుండా మెట్లు దిగింది పరంజ్యోతి.

మునెప్ప గుర్రాన్ని అదిలిస్తూ ఖాళీ బండిలోకి తొంగిచూశాడు. "పాప యాడమ్మా? పిల్సుకొని వస్తానంటివే."

"ఆడనే ఉండాదప్పా," అంది పరంజ్యోతి. "రొంత బిరీన తోలు. బానలో నీళ్ళు మార్చాల."