తలా తోకా

ఆగస్టు నెలంతా రూసే నగరంలో ఉచితంగా ఏం జరిగినా మెతోడి అక్కడున్నాడు. దాన్యూబు నది ఒడ్డున పొద్దుటిపూట యోగా అంటే వెళ్లి, మొదటి ఆసనానికే నడుం పట్టేసి ఇంటికొచ్చాడు. పార్కులో తేనెటీగల మీద ఉపన్యాసమంటే ముందు వరసలో కూర్చుని, గురక పెట్టి నిద్రపోయాడు. బీపీ ఉచితంగా చూస్తారంటే మూడుసార్లు చూపించుకున్నాడు. మూడోసారి నర్సు, "మీకు బీపీ లేదు, పనీ లేదు" అంది. ముప్పయ్యేళ్లు తొమ్మిదో నంబరు ట్రాలీబస్సు నడిపి రిటైరైన మనిషికి ఆ మాట చురుక్కుమనిపించింది. అయినా ఉన్నమాటేగా అనుకున్నాడు.

అసలు సంగతి అతనికి తెలుసు. నగరం వాళ్లు అంటించిన కార్యక్రమాల పట్టికలో, ప్రతి గురువారం సాయంత్రం ఫౌంటెన్ ముందు హోరో ఆట ఉంది. అందరూ చేతులు పట్టుకుని వరసగా ఆడే ఆట. అక్క రుసానా దానికి తప్పకుండా వస్తుందని కూడా విన్నాడు. మిగతావన్నీ ఆ గురువారాలకు మొహం చాటెయ్యడానికి వెతుక్కున్న సాకులు. పిరికితనానికి ఇంత తిరుగుడు తిరగాలని అరవై ఒకటో ఏట తెలిసొచ్చింది.

రుసానా అతనితో మాట్లాడి మూడేళ్లయింది. మెతోడి కూతురి పెళ్లిలో హోరోను నడిపించాల్సింది మేనత్తగా ఆవిడే. వరసకు ముందు నిలబడి, రుమాలు ఊపుతూ నడిపించే మనిషిని తల అంటారు. ఆ పూట కోసం ఆవిడ వారం రోజులు కూర్చుని తెల్ల రుమాలుకు ఎర్ర అంచు కుట్టుకుంది. రెండు గ్లాసుల రకియా సారా పుచ్చుకున్న మెతోడి, "నీకు ఆయాసమొస్తుందిలే అక్కా" అంటూ, అందరూ చూస్తుండగా ఆ రుమాలు లాక్కుని తానే తలయ్యాడు. ఆ రోజు అతని చిందులు తలుచుకుని వియ్యాలవారు ఇప్పటికీ నవ్వుకుంటారు. నవ్వనిది రుసానా ఒక్కతే. భోజనం కూడా చెయ్యకుండా వెళ్లిపోయింది.

ఆగస్టు ఆఖరి గురువారం రానే వచ్చింది. ఇది దాటితే మళ్లీ వచ్చే వేసవిదాకా ఆట లేదు. మెతోడి సొరుగులోంచి ఆ రుమాలు తీసి, ఇస్త్రీ చేసి జేబులో పెట్టుకున్నాడు. అంతటితో ఊరుకుంటే అతను మెతోడి ఎందుకవుతాడు? తాతగారి నాటి కుట్టుపని చొక్కా ఒకటి బిగించుకుని మరీ బయల్దేరాడు.

ఆట నేర్పే బిలియానా అనే అమ్మాయి ఆ చొక్కా చూసి మురిసిపోయింది.

"బాబాయ్, మీరు పాతకాలం ఆటగాడిలా ఉన్నారే! హోరో బాగా వచ్చా?"

"రాకపోవడమేంటమ్మా! మా పల్లెలో నేను తలగా నిలబడ్డానంటే తెల్లారేదాకా ఆట ఆగేది కాదు."

"అయితే ఇవాళ తల మీరే!"

బస్సుకు వేసినన్ని బ్రేకులు నోటికి వేసుకోలేకపోయాడు మహానుభావుడు. వరసలో అరవై మంది ఉన్నారు. అటు చివర, తోక దగ్గర రుసానా నిలబడి ఉంది. అతన్ని చూసి మొహం తిప్పేసుకుంది. చేతికి రుమాలు కావాలి. జేబులో ఉన్నది అదొక్కటే. వేరే దారిలేక దాన్నే బయటికి తీశాడు.

అకార్డియన్ మొదలైంది. మూడడుగులు ముందుకు, రెండు వెనక్కి వెయ్యాలి. మెతోడికి ముందుకు వెయ్యడమే గుర్తుంది. దాంతో వరస వెనక్కి రావడమన్నది లేకుండా ముందుకే పోయింది. ఫౌంటెన్ దాటింది. ఐస్‌క్రీం బండి దాటింది. తల రుమాలు పైకెత్తి కేక వేస్తేనే పాట ఆగుతుంది. ఆ సంగతి మెతోడికి గుర్తుంది. కానీ ఆపితే అక్క దగ్గరికి నడిచి వెళ్లాలి. అందుకని ఆపలేదు. తలెత్తి చూస్తే ఎదురుగా తొమ్మిదో నంబరు స్టాపు. అరవై మందిని తన పాత రూటులోకి పట్టుకొచ్చేశాడు. బస్సు కోసం నిలబడ్డ ముసలావిడ భయపడి బల్లెక్కింది.

స్టాపు స్తంభం చుట్టూ తిరిగి వెనక్కి మళ్లేసరికి, వరస తల తోకకు ఎదురొచ్చింది.

"ఒరేయ్ మెతోడీ! ఈ జనాన్నంతా ఎక్కడికిరా తోలుకుపోతున్నావ్, డిపోకా?"

మూడేళ్ల తర్వాత మొదటి మాట.

"తెలీదక్కా. నాకు చేతకావట్లేదు."

"రెండడుగులు వెనక్కి వెయ్యాలిరా. వెనక్కి తగ్గడం నీకెప్పుడొచ్చిందిలే!"

మధ్యలో వాళ్లు చెయ్యి వదిలితే వరస తెగుతుంది. తలా తోకా మాత్రం ఎవరికీ ఇబ్బంది లేకుండా బయటికి రావచ్చు. మెతోడి పక్కవాళ్ల చెయ్యి వదిలేసి, ఆవిడ పక్కన అడుగులేస్తూనే రుమాలు చాచాడు.

"ఇది నీదక్కా. ఆవేళ కూడా నీదే. తాగి, గొప్పలకు పోయి లాక్కున్నాను. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను."

రుసానా రుమాలు అందుకుని తిప్పి చూసింది.

"ఇస్త్రీ చేశావా?"

"చేశానక్కా."

"అంచు మాడ్చావు."

అని తోక వదిలి, గబగబా వెళ్లి తల స్థానంలో నిలబడింది. మెతోడి తోకయ్యాడు. రుసానా వరసను తిన్నగా ఫౌంటెన్ దగ్గరికి మళ్లించి, చుట్లు చుట్టించింది. చుట్టు తిరిగి తమ్ముడు తన పక్కకు వచ్చినప్పుడల్లా, "ఎడమ కాలురా మొద్దూ!" అని ఒక్క అరుపు. మొత్తం ఐదుసార్లు తిట్టింది. ఒక్కటీ పోనివ్వకుండా లెక్కపెట్టుకున్నాడు మెతోడి.

ఆవిడ రుమాలెత్తి కేక వేసింది. పాట ఆగింది. అతను చొక్కా చేతులతో మొహం తుడుచుకుంటుంటే ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఆదివారం ఇంటికి రా. చలికాలానికి నిలవ పెట్టే పెద్ద మిరపకాయలు కాల్చాలి. పొగలో కూర్చుని ముప్పై కిలోలకు తొక్క తియ్యాలి. ఉచిత కార్యక్రమం అనుకునేవు."

"అనుకోనక్కా. ఎన్నింటికి?"

"పొద్దున ఆరింటికి. ఆ చొక్కా మాత్రం వేసుకురాకు."

స్టాపులో తొమ్మిదో నంబరు బస్సు వచ్చి ఆగినా మెతోడి ఎక్కలేదు. మూడడుగులు ముందుకు, రెండు వెనక్కి వేసుకుంటూ నడిచే ఇంటికి బయల్దేరాడు. పది నిమిషాల దారికి దాదాపు గంట పట్టింది.