రెండోసారి కొలత

సీసపు గుల్లలోంచి సిరంజిని పటకారుతో తీసి, కిరణాలు కొలిచే యంత్రం మధ్య గుంటలోకి దించి, అంకె నిలబడేదాకా వెర్నా ట్రెంబాత్ గట్టిగా ఊపిరి కూడా తీయలేదు. సూది వేశాక ఖాళీ సిరంజిని మళ్లీ దించింది. అడుగున మిగిలిన, కిరణాలు చిమ్మే ఆ మందును లెక్కలోంచి తీసేయాలి. ఒంట్లోకి ఎంత వెళ్లిందో తెలియకుండా ఎముక ఎంత పీల్చిందో చెప్పడం కాకిలెక్క అని ఆమె నమ్మకం.

పొట్టి మనిషి. ఎండకు మచ్చలు తేలిన చేతులు, రబ్బరు బ్యాండు బిగించిన నెరిసిన జుట్టు. సీసపు పెట్టెలు ఎత్తీ ఎత్తీ కుడి భుజం కాస్త వాలిపోయింది. గల్ఫు అని పిలిచే సముద్రపు పాయ ఒడ్డున ఉన్న ఈ చిన్న ఆసుపత్రిలో, స్కాన్ తీసే కెమెరా గదిలో చదువు కాగానే చేరి, ఇంకెక్కడికీ పోలేదు. మొగుడు కీత్ మాత్రం ఉత్తరాన డార్విన్ ఊరికి వెళ్లిపోయాడు. నీకు నా మాటకన్నా యంత్రం ముల్లు మీద నమ్మకమెక్కువ అన్నాడు పోతూ పోతూ. అది తిట్టు అని ఆమెకు చాలాకాలం తోచనే లేదు.

ఇవాళ సూది వేసింది క్లెమ్ హెగర్టీకి. ఒకప్పుడు గొర్రెల బొచ్చు కత్తిరించిన మనిషి. ప్రొస్టేట్ క్యాన్సర్ తుంటి ఎముకకు పాకింది. రెండేళ్లుగా మాత్రలు దాన్ని అదుపులో ఉంచాయి. పోయిన వారం తీసిన స్కాన్‌లో తుంటి ఎముక మందు పీల్చిన అంకె, వేసవిలో తీసిన స్కాన్‌కన్నా బాగా పెరిగింది. పెరగడం నిజమైతే మాత్రలు ఆపి, అడిలైడ్ పెద్దాసుపత్రిలో కీమో మందు ఎక్కించాలి.

అయితే పోయిన వారం వెర్నా సెలవులో ఉంది. సూది వేశాక మూడు గంటలు ఆగి రమ్మంటే, జెట్టీ దగ్గర కలమారీలనే స్క్విడ్లు పడుతున్నాయని క్లెమ్ గాలం పట్టుకుని కూర్చున్నాడు. పొద్దుగూకబోతుండగా నీచు వాసనతో వచ్చాడు. బదులుకు వచ్చిన ఉద్యోగి ఏమీ అడక్కుండా కెమెరా కింద పడుకోబెట్టాడు. ఎంత ఆలస్యమైతే ఎముక మందును అంత ఎక్కువ పీలుస్తుంది, జబ్బు పెరగకపోయినా అంకె పెరుగుతుంది.

ఈ సంగతి తెలిసి వెర్నా నేరుగా డాక్టర్ వాసిలాకిస్ గదికి వెళ్లింది. ఆయన మంచివాడే. ముసలాయన అలిసిపోయాడని, మళ్లీ సూది, మళ్లీ వారం ఆలస్యం ఎందుకని అన్నాడు. అదీ అబద్ధం కాదు.

"ఈ అంకెలో జబ్బు ఎంతో, జెట్టీ ఎంతో నాకు తెలీదు డాక్టర్. మీకూ తెలీదు. మళ్లీ తీద్దాం," అంది వెర్నా. కదిలితే ఒట్టు. చివరికి ఆయనే తలూపాడు.

అందుకే ఇవాళ ఆ మూడు గంటలూ ఆమె క్లెమ్‌ను కనిపెట్టుకునే ఉంది. నీళ్లు తాగించింది. మధ్యాహ్నం తన మాంసం కూరిన పేస్టీ రొట్టెలో సగం విరిచి పెట్టింది.

"గల్ఫు నిండా కలమారీలుంటే నన్నిక్కడ కట్టేశావే తల్లీ," అన్నాడు క్లెమ్. పేస్టీ ముక్క నమిలి మింగి, "తగ్గుతుందంటావా?" అని అడిగాడు.

"కొలత సరిగ్గా వస్తుంది పెద్దాయనా. అంతవరకే నా పూచీ."

"ఓ అబద్ధమైనా చెప్పడం నేర్చుకోలేదే నువ్వు."

"నేర్పాల్సినవాడు డార్విన్ పోయాడుగా."

క్లెమ్ నవ్వబోయి తుంటి పట్టుకున్నాడు. అంకె తగ్గాలని వెర్నాకు కూడా ఉంది, ప్రాణం పెట్టి కోరుకునేంతగా. కానీ కెమెరా కింద పడుకోబెట్టేటప్పుడు కోరికను గది బయటే ఉంచింది. వేసవిలో పెట్టిన దిండే పెట్టింది, పాదాలు అలాగే కట్టింది, అప్పటిలాగే సూది వేసిన సరిగ్గా మూడు గంటలకు తీసింది.

అంకె తగ్గలేదు. పోయిన వారంకన్నా కూడా ఒక పిసరు ఎక్కువే. పక్కన వచ్చిన సీటీ బొమ్మలో తుంటి ఎముక గోడ పల్చబడిపోయి ఉంది. డాక్టర్ వచ్చి చూసి, ఎముక విరగొచ్చు కాబట్టి ఇక క్లెమ్‌ను నేల మీద కాలు పెట్టనివ్వద్దని, ఇప్పుడే అడిలైడ్ పంపాలని చెప్పాడు. వెర్నా పట్టుబట్టి ఆపిన ఆ వారం రోజులూ జబ్బు ఊరుకోలేదు. అయినా క్లెమ్‌కు చెప్పే పని ఆమె ఇంకొకరికి వదల్లేదు.

"పెరిగింది పెద్దాయనా. ఆలస్యం వల్ల కాదు. జబ్బే."

"పోయిన వారం చెప్పుంటే ఒప్పుకునేవాణ్ణి కాదు. జెట్టీ మీద కూర్చున్నందుకే అలా వచ్చిందని ఆ మాత్రలే పట్టుకు వేళ్లాడేవాణ్ణి," అన్నాడు క్లెమ్. "సరే, పద. నువ్వు కొలిచావుగా."

ఆసుపత్రి గౌనులోనే స్ట్రెచర్ మీద తీసుకెళ్లారు. బట్టలు సంచిలో వేసి పక్కన పెట్టారు. అంబులెన్స్ తలుపు మూసేదాకా ఆయన చెయ్యి ఎత్తే ఉంచాడు. చలికాలం వెళ్లకముందే అడిలైడ్‌లోనే చనిపోయాడు.

ఆ సాయంత్రం మాత్రం అదేమీ తెలియని వెర్నా రేపటి పరీక్షకు యంత్రాన్ని సిద్ధం చేసి, దీపాలు ఆర్పబోతూ, లోహపు వస్తువులు విప్పి పెట్టే ట్రే వైపు చూసింది. అందులో క్లెమ్ బెల్టు చుట్ట చుట్టుకుని ఉంది. దుకాణంలో వేసిన రంధ్రాలు అయిపోయాక, నడుము సన్నబడే కొద్దీ మేకుతో కొట్టుకున్న మరో మూడు రంధ్రాలు లోపలికి వరసగా ఉన్నాయి, చివరిదాని అంచున తోలు ఇంకా పచ్చిగానే ఉంది.