గీరెల మీది ఇల్లు

శంషాబాద్ వడ్రంగి వడ్ల మొగులయ్య చేసిన తలుపు వానాకాలంలో కూడా బిగుసుకోదని చుట్టుపక్కల పేరు. ఆ పేరు మొగులయ్య చెవిన కూడా పడింది. తన కష్టాలన్నీ అక్కడే మొదలయ్యాయని తరువాతి రోజుల్లో ఆయనే చెప్పేవాడు.

యుద్ధం జరుగుతున్న కాలం. బెంగుళూరు సడక్ మీద మిలట్రీ లారీలు బారులు తీరి పోయేవి. గగన్‌పహాడ్‌లో ఎవరిదో దర్వాజా నిలబెట్టి నడిచి వస్తుంటే, రోడ్డు పక్కన చింతచెట్టు కింద ఒక వింత మోటారు కనబడింది. వెనక భాగమంతా ఆకుపచ్చ రంగు వేసిన పెద్ద పెట్టె. పెట్టెకు తలుపు, తలుపుకు మూడు మెట్లు, లోపల మంచం. బయట ఒక తెల్లదొర స్టూలు మీద కూర్చుని గడ్డం గీసుకుంటున్నాడు. దొరసాని లోపలే చాయ కాస్తోంది. ఇల్లంతా వెంటబెట్టుకుని, ఎవరికీ జవాబు చెప్పే పనిలేకుండా తిరుగుతున్న ఆ ఇద్దరిని చూస్తూ మొగులయ్య చాలాసేపు నిలబడిపోయాడు. దొరసాని ఆయనను బిచ్చగాడనుకుని ఇంత రొట్టె ముక్క చేతిలో పెట్టింది. తాలూకాలో పేరున్న పనివాడు ఆ ముక్క తీసుకుని, తిని, చెయ్యి దులుపుకుని మరీ చూశాడు.

ఆ సాయంత్రమే భార్య అనంతమ్మతో, గీరెల మీద, అంటే బండి చక్రాల మీద ఇల్లు కడతానని, అందులో ఇద్దరూ కృష్ణానది చూసి రావాలని చెప్పాడు. కూతుళ్లిద్దరూ అత్తవారిళ్లలో ఉన్నారు, ఇంట్లో ఎదురుచూసేవాళ్లు లేరు, ఇప్పుడు తిరగకపోతే ఇంకెప్పుడన్నాడు. అనంతమ్మ చేటలో బియ్యం చెరుగుతూనే, ఉన్న ఇంటి కప్పు మూడేళ్లుగా కారుతోంది, ముందు దాని సంగతి చూడమంది.

మొగులయ్య కప్పు సంగతి చూడలేదు. మూడు నెలలు కొట్టంలో కూర్చుని ఎద్దుల బండి మీద ఇల్లు లేపాడు. మద్ది పలకల గోడలు, రెండు కిటికీలు, గోడకు మడిచిపెట్టే మంచం, గిన్నెలకు కొక్కేలు, పైన రేకు కప్పు, తలుపు మీద చెక్కిన తామరపువ్వు. మొత్తానికి ఆకుపచ్చ రంగు పూశాడు. జల్‌పల్లి నుంచి మంచి కోడెల జత తెచ్చాడు. అంతా అయ్యాక బండిని బయటికి తోలబోతే అది కొట్టం వాకిట్లో పట్టలేదు. జానెడు వెడల్పు ఎక్కువైంది. కొలతల్లో తనంతవాడు లేడని చెప్పుకునే మనిషి సొంత వాకిలి కొలవడం మరిచిపోయాడు. చివరికి గోడ పగలగొట్టి బయటికి తీశారు. అది చూడటానికి మంఖాల్ నుంచి వచ్చిన బావమరిది రాజయ్య, ఎడ్లను లోపల కూర్చోబెట్టి బావ గుంజితే ప్రయాణం తొందరగా సాగుతుందని సలహా చెప్పి పోయాడు.

మొగులయ్య ఇవేమీ పట్టించుకోలేదు. జుమ్మేరాత్ బజారులో కొన్న పాత ఖాకీ కోటు తొడుక్కున్నాడు. దొర టోపీ ఒకటి పెట్టుకున్నాడు. ఉగాది వెళ్లిన వారానికి అనంతమ్మను ఎక్కించుకుని దక్షిణంగా బయలుదేరాడు.

మొదటి రోజు మధ్యాహ్నానికే ఆ ఇంట్లో ఎవరూ ఉండలేరని తేలిపోయింది. చైత్రమాసపు ఎండకు రేకు కాలి, లోపల రొట్టెలు కాల్చుకునేంత వేడి. బండి ఊగినప్పుడల్లా కొక్కేలకు ఉన్న గిన్నెలు ఒక్కొక్కటే అనంతమ్మ మీద పడ్డాయి. గోడకు మడిచిన మంచం తనంతట తాను విప్పుకుని ఆమె నడుము మీద దిగింది. ఆమె దిగి బండి పక్కన నడవడం మొదలుపెట్టింది. రోజూ పొద్దు మునిగాక బండి కింద చాప పరుచుకుని పడుకునేవాళ్లు. అంత కష్టపడి కట్టిన ఇంటిని మోసుకుపోయి, దాని కింద పడుకున్నవాడు తానొక్కడేనని మొగులయ్య లోలోపల ఒప్పుకున్నాడు. పైకి మాత్రం, కింద గాలి బాగుందని అన్నాడు.

షాద్‌నగర్ దాటాక నేల మారింది. ఎటు చూసినా ఎర్రమట్టి, రాతిగుండ్లు, తుమ్మకంపలు. వాగుల్లో ఇసుక తప్ప తడి లేదు. నదికి దగ్గరయ్యేకొద్దీ చల్లబడుతుందని మొగులయ్య చెప్పాడు. రెండు రోజులు అదే మాట చెప్పాడు. మూడో రోజు నోరెండి ఆ మాట కూడా రాలేదు. జడ్చర్ల వెనకబడ్డ మర్నాడు కుండలో నీళ్లు అయిపోయాయి. ఒక కోడె మెడ ఒరుసుకుపోయి పుండు పడింది. దూరంగా గుట్ట పక్కన ఒక పల్లె కనబడితే బండిని అటు మళ్లించాడు.

ఊళ్లోకి పోయేసరికి మనిషి లేడు. పొయ్యిల మీద అంబలి ఉడుకుతోంది. వాకిట్లో సగం దంచిన జొన్నలు రోట్లోనే ఉన్నాయి. బావి గట్టున ఒక బిందె పక్కకు దొర్లి ఉంది. జనమంతా ఏదో జాతరకు పోయి ఉంటారని మొగులయ్య తేల్చాడు. పొయ్యి మీద అంబలి వదిలి జాతరకు ఎవరు పోతారని అనంతమ్మ అడిగింది.

అంతలో ఒక గుడిసెలోంచి మూలుగు వినబడింది. దాని వెనకే ఒక ముసలమ్మ బయటికి వచ్చి, చేతులు జోడించి నిలబడింది. ఆమె పేరు ముత్తమ్మ అని తరువాత తెలిసింది.

"దొరా, ఇంట్ల గింజ లేదు. కావాలంటే లోపటికొచ్చి సూసుకో. మా కోడలు నొప్పులు పడుతున్నది. దాన్ని ఇడిసి నేను యాడికి పోవాలె?"

యుద్ధం పేరు చెప్పి సర్కారు ప్రతి రైతు దగ్గరా ఇంతని ధాన్యం కొలిపించుకుంటున్న రోజులు అవి. లెవీ అనేవారు. లెవీవాళ్లు వస్తున్నారంటే జనం ఉన్న నాలుగు గింజలు దాచుకుని పొలాల్లోకి, గుట్టల్లోకి పారిపోయేవాళ్లు. సడక్ మీంచి ఊరివైపు తిరిగిన ఆకుపచ్చ పెట్టెను, దాని ముందు ఖాకీ కోటును, టోపీని చూసి ఆ ఊరు ఖాళీ అయింది.

మొగులయ్యకు ఈ సంగతంతా అర్థమవడానికి కొంతసేపు పట్టింది. ఎందుకంటే ముందుగా ఆయన చెవిలో 'దొరా' అనే మాట పడింది. పుట్టాక ఒక్కరు కూడా తనను ఆ మాట అనలేదు. ముత్తమ్మ కళ్లల్లో నీళ్లు తిరుగుతుంటే, ఆయన చెయ్యి కోటు గుండీలు సర్దుకుంటోంది. బతికినన్నాళ్లూ ఆ చెయ్యి గుర్తొస్తే మొగులయ్యకు తల వంగిపోయేది.

అనంతమ్మ ముందుకు వచ్చి ముసలమ్మ చేతులు పట్టుకుని కిందికి దించింది.

"ఈన దొర గాదు అవ్వా. వడ్లాయన. పెట్టె ఆయనే జేసిండు. మాది శంషాబాద్," అని చెప్పి గుడిసెలోకి వంగి వెళ్లింది.

కొంచెంసేపటికి బయటికి వచ్చినప్పుడు ఆమె ముఖం మారిపోయి ఉంది. పిల్లకు రాత్రి నుంచి నొప్పులు. ఇప్పుడు చూస్తే బిడ్డ అడ్డం తిరిగి ఉంది. అనంతమ్మ కూతుళ్ల కాన్పులు దగ్గరుండి చూసిందే కానీ ఇలాంటిది చేతకాదు. మంత్రసాని పోచమ్మ పొద్దుటి నుంచి ఇక్కడే ఉండి, బండిని చూడగానే తన ఇంట్లో జొన్నలు దాచడానికి పరుగెత్తి, అటునుంచి అటే గుట్టకు పోయింది.

"పోచమ్మను పోగొట్టింది నువ్వు. నువ్వే తోల్కరా," అంది అనంతమ్మ.

మొగులయ్య గుట్టవైపు పరుగెత్తాడు. గుండ్ల చాటున తలలు కనబడుతున్నాయి. ఆగమని, భయపడొద్దని, పోచమ్మ కావాలని అరిచాడు. ఆయన అరిచినకొద్దీ తలలు దూరమయ్యాయి. పోచమ్మ పేరు కూడా తెలుసుకుని వచ్చాడంటే ఈసారి లెవీవాళ్లు చిట్టా రాసుకునే వచ్చారని వాళ్లు అనుకున్నారు. ఆగమని కేకలు వేసే ఖాకీ కోటును చూసి ఆగిన రైతు ఆ రాజ్యంలో ఎక్కడా లేడు. కోటు విప్పాలన్న తెలివి మొగులయ్యకు రాలేదు. పిలుపు బాగా వినబడాలని టోపీ ఊపుతూ మరీ పరుగెత్తాడు.

గుట్ట సగం ఎక్కాక బొటనవేలు రాయికి కొట్టుకుంది. మనిషి బోర్లా పోయి తుమ్మకంపలో పడ్డాడు. టోపీ దొర్లుకుంటూ కిందికి పోయింది. చెప్పు ఒకటి ఎక్కడో ఊడింది. ముళ్లు పీక్కుంటూ కూర్చున్నాడు. కింద గుడిసె కనబడుతోంది, దాని ముందు తన ఆకుపచ్చ ఇల్లు కనబడుతోంది. ఆ రెండింటినీ ఒక్కచోట చూసేసరికి ఆయనకు దుఃఖం వచ్చింది. ఎవరూ వినడం లేదనుకుని గట్టిగా తనను తాను తిట్టుకోవడం మొదలుపెట్టాడు.

"మొగులిగా, నీకు బుద్ధి ఉన్నదిరా? ఉన్న ఇల్లు కారుతుంటె బండి మీద ఇల్లు గడితివి. గడితివి పో, వాకిట్ల పట్టకపాయె. కొలతలోడివట నువ్వు. దాంట్ల ఒక్కనాడన్న పండుకుంటివా? దొర కోటు తొడిగితివి, ఊరును ఊరే ఉరికిస్తివి. ఇగ ఆ పిల్లకేమన్నయితే నీ తామరపువ్వు ఏంజేసుకుంటవ్ రా, ఒండుకొని తింటవా?"

పెద్ద గుండు వెనక నుంచి కిసుక్కున నవ్వు వినబడింది. కొంగులో జొన్నల మూట కట్టుకున్న ఒక బక్కపలచని ఆడమనిషి తల బయటపెట్టింది.

"సర్కారోడు ఎవలనన్న తిడుతడు గని తనను తను తిట్టుకోడు. ఎవలు నువ్వు?"

మొగులయ్య చెప్పబోయిన దానిలో సగం కూడా ఆమె వినలేదు. అడ్డం తిరిగిన బిడ్డ అనగానే మూట ఆయన చేతిలో పడేసి గుట్ట దిగింది. అరవై ఏళ్ల పోచమ్మను అందుకోలేక, ఒంటి చెప్పుతో కుంటుతూ, ఊరందరి కళ్ల ముందు జొన్నల మూట మోసుకుంటూ మొగులయ్య వెనక నడిచాడు.

గుడిసె తడిక మూసుకుంది. పోచమ్మ గొంతు, అనంతమ్మ గొంతు, పిల్ల కేకలు. మొగులయ్య ఎండలోనే కూర్చున్నాడు. మధ్యలో అనంతమ్మ నీళ్లు కావాలంటే బావికి పోయి తోడి తెచ్చాడు. మళ్లీ కూర్చున్నాడు. తలుపు మీద తామరపువ్వు కనబడకుండా అటు వీపు పెట్టాడు. ఏ దేవుడికి ఏం మొక్కాలో తోచలేదు. మొక్కు చెల్లిస్తానని చెప్పడానికి కూడా సిగ్గేసింది. ఎండ గుడిసె గోడ దిగి వాకిట్లోకి వచ్చేవేళకు కేకలు ఆగిపోయాయి. ఆ తరువాత చిన్నగా, పిల్లి కూన అరిచినట్టు, ఒక ఏడుపు.

ఆడపిల్ల. తల్లి బాగానే ఉంది. అనంతమ్మ బయటికి వచ్చి గోడకు ఆనుకుని కూర్చుంది. మొగులయ్య ఆమె చేతుల మీద నీళ్లు పోశాడు.

పొద్దు వాలాక జనం ఒక్కొక్కరే తిరిగి వచ్చారు. తిడతారనుకున్నాడు, తిట్టలేదు. గుట్ట మీది తిట్లన్నీ పోచమ్మ అప్పటికే అందరికీ అప్పజెప్పింది. ఒక పెద్దమనిషి బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, పలకలు తట్టి చూసి, ఇందులో ఏం చేస్తారని అడిగాడు.

"ఏం జెయ్యం. దీని కింద పండుకుంటం," అన్నాడు మొగులయ్య.

అందరికంటే ముందు నవ్వింది అనంతమ్మ. శంషాబాద్ వదిలాక ఆమె నవ్వడం అదే మొదలు.

కోడె మెడ పుండు మానేదాకా వారం రోజులు అక్కడే ఉన్నారు. రెండో రోజు పొద్దున మొగులయ్య బాడిస, ఉలి తీసి తన ఇంటిని తానే విప్పడం మొదలుపెట్టాడు. వద్దని ఎవరూ అనలేదు, అనంతమ్మ అసలే అనలేదు. ముత్తమ్మ గుడిసెకు తడిక తీసేసి మంచి తలుపు పెట్టాడు. ఆ పలకలతోనే పసిదానికి ఊయల తొట్టె చేశాడు. పోచమ్మకు అడుగు కింద ఇంకో అడుగు ఉన్న పెట్టె చేసి ఇచ్చాడు. పైన బట్టలు పెట్టుకుంటే కింద ఏముందో చేసినవాడికీ ఆమెకూ తప్ప తెలియదు. అందుకే ఈ ముచ్చట ఎన్నిసార్లు చెప్పినా మొగులయ్య ఆ ఊరి పేరు మాత్రం చెప్పేవాడు కాదు. ఖాకీ కోటును, వానలు పడ్డాక చేనులో దిష్టిబొమ్మకు తొడుగుతానని ముత్తమ్మ అడిగి తీసుకుంది. తనకంటే దిష్టిబొమ్మకే అది నప్పుతుందని ఆయన ఒప్పుకున్నాడు.

మిగిలింది ఒట్టి బండి. దానికి నాలుగు వెదురు కమ్ములు వంచి చాప కప్పారు. బరువు పోయేసరికి ఎడ్లు చెవులు ఆడిస్తూ నడిచాయి. అనంతమ్మ మళ్లీ బండి ఎక్కింది.

కృష్ణను చూసి మొగులయ్య బండి ఆపేశాడు. సముద్రమంత ఉంటుందని శంషాబాద్ అంతా చెప్పి వచ్చాడు. ఎదురుగా కనుచూపుమేర బండలు, ఇసుక. వాటి మధ్యలో ఒక పాయ మాత్రం పచ్చగా పారుతోంది. ఇంత చిన్నదేమిటని అనంతమ్మ అంటుందేమోనని ఓరగా చూశాడు. ఆమె అప్పటికే చీర కుచ్చెళ్లు ఎగదోపుకుని నీళ్లలోకి దిగుతోంది. మోకాళ్లదాకా పోయి, ఆగి, అలాగే నీళ్లలో కూర్చుంది. ఎండ తగ్గేదాకా లేవలేదు.

ఒడ్డుకు వచ్చి జుట్టు పిండుకుంటూ, అవతల ఏముంటుందని అడిగింది. నెల రోజుల కిందటైతే మొగులయ్య అవతలి ఊళ్లు, గుళ్లు, తోవలు అన్నీ చూసినవాడిలా వర్ణించేవాడు.

"నాకు దెల్వది," అన్నాడు.

"అయితే పోయి సూద్దాం."

ఇంటికి తిరిగిపోదామంటుందనుకుని, ఆ మాటకు జవాబు సిద్ధం చేసుకుని కూర్చున్న మనిషి ఆయన. నీళ్లంటే తనకు భయమని ముప్పై ఏళ్లలో భార్యకు ఎప్పుడూ చెప్పుకోలేదు. ఇప్పుడు చెప్పడానికి వేళ మించిపోయింది. బండినీ ఎడ్లనూ రేవులో ఉన్నవాళ్లకు అప్పగించి, మర్నాడు పొద్దున్నే ఇద్దరూ పుట్టి ఎక్కారు. తోలు కప్పిన ఆ గుండ్రటి వెదురు గంపలో మొగులయ్య రెండు చేతులా అంచు పట్టుకుని కూర్చున్నాడు. నడి పాయలో పుట్టి ఒకసారి గిర్రున తిరిగింది. ఆయన గట్టిగా కళ్లు మూసుకున్నాడు. అనంతమ్మ కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని, అదిగో పొగ లేస్తున్న ఆ ఊరి పేరేమిటని పుట్టివాడిని అడుగుతోంది.