మంద అప్పగింతలు

ఆగండి, ఒక్క నిమిషం ఆగి నేను చెప్పేది వినండి. రేపు పొద్దున ఎయిర్‌పోర్టుకు తీసుకెళ్లే కారు వస్తుంది, అందులో ముగ్గురం ఎక్కాలి, ఇప్పుడేమో ఎవరెక్కుతారో ఎవరికీ తెలియదు, నాకు కాళ్లు ఒకచోట నిలబడట్లేదు.

సరే, మొదటినుంచి చెప్తాను. నా పేరు పూజ, హైదరాబాద్‌లో డిగ్రీ చదువుతున్నాను. మా చిన్నమ్మ యాదలక్ష్మి, చిన్నాయన జానయ్య చౌటుప్పల్ దగ్గర ఉంటారు, గొర్రెలు కాస్తారు. హైవే పక్కన వెంచర్లు వేసి వదిలేసిన ప్లాట్లలో, ఆ తెల్ల రాళ్ల మధ్య గడ్డి మేస్తూ వాళ్ల మంద కనిపిస్తుంది, బస్సులోంచి మీరూ చూసే ఉంటారు. పోయిన చలికాలంలో చిన్నమ్మ నా ఫోన్‌లో వియత్నాం వీడియో చూసింది. సముద్రంలో కొండలు, వాటి మధ్య పడవ.

"నీళ్లల్ల గుట్టలు నిలబడ్డయేందే బిడ్డా? గదెక్కడ?" అంది. మళ్లీ పెట్టమంది. మళ్లీ పెట్టమంది.

"పోదాం తియ్యి, ఈసారి బక్రీదుకు పొట్టేళ్లు మంచిగ పోతే," అని చిన్నాయన నవ్వుతూ అన్నాడు. పొట్టేళ్లు మంచిగానే పోయాయి. ఆయన ఆ మాట మర్చిపోయేలోపే నేను ఇద్దరికీ పాస్‌పోర్టు స్లాట్లు బుక్ చేసేశాను.

మీకు ఒక సంగతి తెలియాలి. పెళ్లయినప్పటి నుంచి వాళ్లిద్దరూ కలిసి ఒక్క రాత్రి కూడా ఊరు దాటి ఉండలేదు. ఎవరి పెళ్లికైనా చిన్నమ్మ వస్తే చిన్నాయన మంద దగ్గర, దినాలకు చిన్నాయన వస్తే చిన్నమ్మ మంద దగ్గర. మా ఇంట్లో ఆల్బమ్‌లన్నీ తిరగేసినా వాళ్ల పెళ్లిది తప్ప ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డ ఫోటో దొరకదు. కొడుకు శివకుమార్ ఉన్నాడు కానీ వాడికి ఫార్మా కంపెనీలో షిఫ్టులు, పైగా గొర్రె బొచ్చు తగిలితే చాలు, పొద్దు గూకేదాకా తుమ్ముతాడు. "గొల్లోని ఇంట్ల పుట్టి గొర్లు పడని మొగోడు వీడొక్కడే," అని చిన్నమ్మ వాణ్ని ఏడిపిస్తుంది.

నాకైతే ఈ ట్రిప్పు పిచ్చి పట్టింది. ట్యూషన్లు చెప్పి నా టికెట్ నేనే కొనుక్కున్నాను. నేనూ ఎప్పుడూ విమానం ఎక్కలేదు మరి! తెలుగు మాట్లాడే మేనేజరు, మన వంటవాడు వెంట వచ్చే గ్రూపు టూర్ వెతికి పట్టుకున్నాను. వీసా ఫోటోకు చిన్నాయనను తెల్లగోడ ముందు నిలబెడితే గుడ్లు ఉరిమి చూశాడు, నాలుగోసారికి గానీ మామూలు మనిషిలా పడలేదు. ఎస్కలేటర్ ఎక్కడం నేర్పడానికి, ఒక పూట మందను దొడ్లోనే ఉంచి, ఇద్దరినీ ఎల్బీనగర్ మాల్‌కు తీసుకెళ్లాను. చిన్నమ్మ కొంగు దోపుకుని టక్కున ఎక్కేసింది. చిన్నాయన కిందే నిలబడి, మెట్లు ఒకదాని వెనక ఒకటి పుట్టుకొస్తుంటే అట్లాగే చూస్తున్నాడు.

"ఏమయ్యా, రావా?" అని పైనుంచి చిన్నమ్మ అరిచింది.

"అది ఆగినంక వస్త!"

"అది ఆగదు! నువ్వే రావాలె!"

మాల్‌లో అందరూ నవ్వారు. ఆయన చెప్పులు చేత్తో పట్టుకుని ఎక్కాడు.

సూట్‌కేసులు ఎంత బరువున్నాయో చూడటానికి గొర్రెపిల్లలను తూచే కొక్కెం కాటాకే తగిలించాం. "ఇది పొట్టేలు పిల్లంత గూడ లేదు, ఇంకో పచ్చడి సీస పెడ్దాం," అని చిన్నమ్మ. చీరల మడతలో ఎండబెట్టిన మాంసం ఒరుగులు దాచింది. మాంసం తీసుకెళ్తే అక్కడ పట్టుకుంటారని నేను తీసేస్తే, ఆమె మళ్లీ పెట్టేది, నేను మళ్లీ తీసేదాన్ని. చిన్నాయన మొలతాడుకు కట్టుకునే చిన్న కత్తి విప్పించడానికి నాకు ఒక పూటంతా పట్టింది.

ఇదంతా ఒక ఎత్తు, మంద ఒక ఎత్తు.

మేం లేని రోజులు మందను చూసుకోవడానికి కోస్గి నుంచి మా వెంకన్న మామను పిలిపించాం. అమ్మకూ చిన్నమ్మకూ తమ్ముడు, ఆయనా పుట్టినప్పటి నుంచి గొర్రెల్లోనే ఉన్నాడు. కానీ మంద కొత్త మనిషి వెంట ఊరికే నడవదట. పాత మనిషి గొంగడి కొత్త మనిషి కప్పుకుని, ఇద్దరూ కలిసి కొన్ని రోజులు ముందు నడవాలి. పాత వాసనలో కొత్త వాసన కలవాలి. ముందు నడిచే గొర్రె ఒకటి ఉంటుంది, మా మందలో దాని పేరు చుక్క. అది ఒప్పుకుంటే మిగతావన్నీ దాని వెనకే. దీన్నే మందను అప్పజెప్పడం అంటారు.

నేను ఊరుకుంటానా? కాలేజీకి సెలవులు, పైగా ఇదంతా నాకు కొత్త. రోజూ వాళ్ల వెంటే వెళ్లాను. మొదటి రోజే ముసురు పట్టింది. మామకు ప్లాస్టిక్ రెయిన్‌కోటు ఉంది. నేను తడిసి వణుకుతుంటే చిన్నాయన గొంగడి తీసి నా మీద కప్పాడు.

"మామకియ్యాలె గద చిన్నాయనా?"

"వాడు దున్నపోతు లెక్కున్నడు, వానికేం గాదు. నీకు సర్ది చేస్తే ఇమానం ఎవలు ఎక్కిస్తరు మమ్ముల?"

ముసురు వదల్లేదు. రెండో రోజూ గొంగడి నామీదే, ఆ తర్వాతా నామీదే. బరువుగా, గరుకుగా, పొగ వాసనతో ఎంత బాగుందో! చిన్నాయన పక్కనే ముందు నడుస్తూ నాలుకతో ట్ర్ర్ర్‌మని పిలవడం నేర్చుకున్నాను. చుక్క వచ్చి నా మోచేతికి మూతి రాసేది. వీడియోలు తీసుకున్నాను. మామ మంద వెనక నడుస్తూ, "మా కోడలుపిల్ల ఇగ కాలేజు బందువెట్టి గొర్లకాడికే వచ్చేటట్టున్నది," అని ఎగతాళి చేసేవాడు. చిన్నాయన ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని టూర్ మేనేజరుతో మాట్లాడుతుండేవాడు, పడవలో తలకు రుమాలు కట్టుకోనిస్తారా అని. అప్పుడు ముగ్గురిలో ఒక్కరికి కూడా ఏమీ తట్టలేదు.

ఈరోజు పొద్దున ముసురు విడిచాక పరీక్ష పెట్టాం. చిన్నాయన మంద దగ్గరికి రాకూడదు, నేనూ రాకూడదు, మామ ఒక్కడే మందను తోలుకుపోవాలి. గొంగడి ఆయన భుజాల మీద వేశాం. దొడ్డి తడిక తీశాడు, పిలిచాడు, ముందు నడిచాడు. చుక్క సర్వీసు రోడ్డు దాకా వెళ్లి ఆగింది. దాని వెనక మందంతా ఆగింది. ఇసుక లారీ హారన్ కొడుతోంది, మామ అరుస్తున్నాడు, కర్ర తిప్పుతున్నాడు, ఒక్కటి కదలదు. తర్వాత చుక్క వెనక్కి తిరిగింది. అంతే, అన్నీ ఉరుకుతూ ఇంటికే వచ్చాయి. చిన్నాయన కోసమే అనుకున్నాం. ఆయన కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు. కానీ చుక్క నేరుగా పెరట్లో బట్టలు ఆరేస్తున్న నా దగ్గరికొచ్చి, నా చున్నీ నోట పట్టుకుని లాగింది.

మధ్యాహ్నం మళ్లీ చూశాం. మామ ముందు నడిస్తే ఆగిపోతాయి. నేను ముందు నడిస్తే వెంట వస్తాయి. మామ నా వెనక ఎంత దూరంలో ఉన్నా వాటికి పట్టింపే లేదు.

"బావా," అన్నాడు మామ, తువ్వాలతో మెడ తుడుచుకుంటూ, "నువ్వు మందను నాకు అప్పజెప్పలే, పూజకు అప్పజెప్పినవ్. పిల్ల ముంగట నడుస్తే సాలు, తోలుడు, దొడ్లె ఏసుడు, పాలు తాపుడు అన్ని నేను జేస్త. నేను ముంగట నడవాల్నంటే ఇంక శాన రోజులు కావాలె."

చిన్నాయన చాలా మామూలుగా, టీ తాగుతారా అని అడిగినట్టు, "నేనుంటలే. మీరిద్దరు పోయిరాండ్రి," అన్నాడు.

చిన్నమ్మ సూట్‌కేసు దగ్గరికి వెళ్లి జిప్పు తీసింది. తన చీరలు ఒక్కొక్కటి బయటపెట్టడం మొదలుపెట్టింది.

"ఏందే, ఏం జేస్తున్నవ్?" అన్నాడు చిన్నాయన.

"నువ్వు రాకుంటే నేనేం పోత? ఎప్పటిలెక్కనే ఒకలు పోవుడు, ఒకలు ఉండుడు. గింత దూరం పోయి ఆ పడవల పక్కకు ఎవలను కూసుండబెట్టుకోవాలె?"

"పూజ ఉన్నది గద!"

"పూజ నా మొగడా?"

మామ నవ్వబోయి ఆపుకున్నాడు. అప్పుడు ముగ్గురూ నా వైపు చూడకుండా ఉండటానికి తెగ కష్టపడ్డారు. ఒకరు గోడ చూశారు, ఒకరు చీరలు చూశారు, మామ తువ్వాల దులిపాడు. నేను, "మేనేజరు తెలుగాయనే, మీరిద్దరే పోయినా..." అని మొదలుపెట్టాను. చిన్నమ్మ నా మాట పూర్తి కానివ్వలేదు.

"నోర్మూయి! అందరికన్న ఎక్కువ సంబురం నీకే. పిల్ల రెక్కలు ముక్కలు జేసుకొని టికెట్ కొనుక్కుంటే దాన్ని గొర్లకాడ కట్టేస్తరా? ఇంకోపాలి ఎప్పుడన్న పోదాం, గాదె?"

ఇంకోపాలి! వాళ్ల ఇంకోపాలి ఎప్పుడు వస్తుందో నాకు తెలియదా? టికెట్ తేదీలు మార్చడానికి కుదురుతుందా అని మేనేజరును అడిగాను, కుదరదన్నాడు. శివకుమార్‌కు ఫోన్ చేస్తే, మాత్ర వేసుకుని వస్తానంటూనే తుమ్మాడు, వాడి వెంట చుక్క ఎలాగూ నడవదు. అన్నీ చూశాను. ఇంక మిగిలింది నేను.

కానీ నాకు వెళ్లాలని ఉంది! చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ చాలా ఉంది. కిటికీ పక్క సీటు కూడా నేనే ఎంచుకున్నాను. ఆ నీళ్ల రంగు కళ్లు మూసుకుంటే కనిపిస్తుంది. మళ్లీ ఎప్పుడు కుదురుతుంది నాకు మాత్రం? ఫైనల్ ఇయర్, తర్వాత ఉద్యోగం, తర్వాత ఇంకేదో. నేను ఉంటానంటే వాళ్లు ఒప్పుకోరు, గట్టిగా పోట్లాడాలి. వెళ్తానంటే ఎవరూ ఏమీ అనరు, అదే ఇంకా కష్టంగా ఉంది. ఒక్కరైనా నన్ను ఉండమని అడిగితే బాగుండు, తిట్టైనా సరే.

పొద్దు గూకుతోంది. చిన్నాయన సూట్‌కేసు ఖాళీ చేయనివ్వకుండా మూత మీద కూర్చున్నాడు. చిన్నమ్మ చీరలు ఒళ్లో పెట్టుకుని ఎదురుగా కూర్చుంది. నేను గడప మీద ఇటు ఒక కాలు, అటు ఒక కాలు వేసి నిలబడి ఇదంతా మీకు టైపు చేస్తున్నాను. త్వరగా చెప్పండి, ఈ గడప మీద నా బదులు మీరుంటే ఏం చేసేవాళ్లు?